బిగిసిన ఫ్రీవీలును విప్పడం ఎట్లా?

హనుమాన్ జంక్షన్ అనగానే విజయవాడ–ఏలూరు రహదారిమీద సాగిపోయే లారీలు, బస్సులు కంటికి కట్టినట్లుంటవి. కాని నూజివీడు దారీ గుడివాడ దారీ కలిసే ఆ కూడలి దాటి కాలువగట్టు ఎక్కితే, పాలక్యానుకూ గడ్డిమోపుకూ ఇంకా సైకిలే ఆధారమైన ఇళ్ళున్నవి. అటువంటి ఇంట సైకిలు మూలపడితే ఆ పూట పని ఆగినట్లే.

వెనుకచక్రానికి కుడివైపున గొలుసు తిప్పే పళ్ళచక్రమే ఫ్రీవీలు. తొక్కడం మానినా బండి సాగడానికీ, టిక్కుటిక్కుమనే చప్పుడుకూ కారణం దానిలోని చిన్న ఇనుప నాలుకలు. రేగడిబురదా, నీరూ లోనికి చేరి ఆ నాలుకలు అతుక్కుపోతే కాళ్ళు తిరుగుతవి గాని చక్రం తిరగదు. కుడివైపు పుల్ల ఒకటి తెగినా, కొత్తది ఎక్కించాలంటే సాధారణంగా ఫ్రీవీలును విప్పక తప్పదు. తీరా విప్పబోతే అది ససేమిరా కదలదు.

తుప్పే కారణమని మనం అనుకుంటాము. అసలు కారణం మన కాళ్ళ బలమే. 1.37 అంగుళాల అడ్డుకొలత, అంగుళానికి 24 చుట్లు గల మరలతో ఫ్రీవీలు హబ్బుకు బిగుస్తుంది. తొక్కిన ప్రతిసారీ గొలుసు దానిని బిగిసే వైపే లాగుతుంది. పోనీ వెనక్కు తొక్కితే వదులవుతుందా అంటే, అప్పుడు నాలుకలు జారిపోతవి. మరలమీద పట్టే ఉండదు. బరువు వేసి వంతెన ఎక్కిన ప్రతిసారీ మరికొంత బిగియడమే గాని సడలడమన్నది లేదు.

ఇంత బలాన్ని సుత్తితో జయింపబూనడం తగదు. ముందుగా మరలమీద పలుచని నూనె చుక్కలు వేసి రాత్రంతా నాననివ్వవలె. ఫ్రీవీలు గాడులలో సరిగా కూర్చునే విప్పుడు పనిముట్టును అమర్చి, జారకుండా ఇరుసు నట్టుతో అదిమి పట్టించవలె. ఆ పనిముట్టును వైసులో బిగించి, చక్రాన్ని దానిపై పడుకోబెట్టి, రిమ్మును రెండు చేతులతో పట్టుకొని, పైనుంచి చూచేవారికి గడియారపు ముళ్ళకు ఎదురుదిశలో తిప్పవలె. చేతుల మధ్య రెండడుగుల ఎడం ఉంటుంది కనుక చక్రమే పెద్ద మీట అవుతుంది. మర కదలిన మరుక్షణమే ఇరుసు నట్టును వదులు చేయవలె. లేకుంటే మర ఆ నట్టుకు తన్నుకొని చెడిపోతుంది.

రిమ్ము వంగింది గదా అని పుల్లలన్నీ ముందే ఊడదీసేవారున్నారు. అప్పుడు చేతిలో మిగిలేది పిడికెడు హబ్బు. మీట పోయింది, ఫ్రీవీలు మిగిలింది. పుల్లలు తీయడం ఎప్పుడూ చివరి పని. ఇటీవలి కొన్ని విన్యాసాల సైకిళ్ళలో ఫ్రీవీలు ముందరి క్రాంకుకే బిగించి ఉంటుంది. అక్కడ మీటగా దొరికేది ఆరేడు అంగుళాల క్రాంకు మాత్రమే కనుక శ్రమ ఎక్కువ, సూత్రం ఒకటే.

గాడులు అరిగి పనిముట్టు పట్టకపోతే ఫ్రీవీలును వదులుకొని హబ్బును కాపాడుకోవలె. పైమూతకు ఉన్న మర ఎడమచేతి మర. అది గడియారపు ముళ్ళ దిశలో తిప్పితేనే ఊడుతుంది. ఊడగానే చిన్న గుండ్లు రాలుతవి గనుక క్రింద గుడ్డ పరచుకోవడం మంచిది. పళ్ళభాగం తీసివేసి, మిగిలిన లోపలి దిమ్మెను వైసులో గట్టిగా పట్టించి చక్రాన్ని మునుపటివలెనే తిప్పవలె. ఆ ఫ్రీవీలు మళ్ళీ పనికిరాకపోవచ్చు. చక్రం మాత్రం నిలుస్తుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు మరలకు గ్రీజు పట్టించి, చేతితో తిప్పి కూర్చోబెడితే చాలు. బిగించే పని తొక్కేవాని కాళ్ళు ఎట్లాగూ చేస్తవి. ఈనాడు రాసిన ఆ కాస్త గ్రీజు, రేపు దానిని విప్పేవారి చేతులకు మనం చేసిన ఉపకారం.