చిన్న పెట్టెలో పెద్ద యాంప్లిఫయర్ ఎలా ఇమిడింది?

సికింద్రాబాద్ నుంచి వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరా చేరేముందు టికియాపారా స్టేషన్ దాటుతుంది. లోకల్ రైళ్ల షెడ్డు, పక్కనే ఇరుకు సందులు. అలాంటి చోట రాత్రిపూట ఎలక్ట్రిక్ గిటార్ రికార్డు చేయడం ఎలా? వాల్వులున్న యాంప్లిఫయర్‌లో గిటార్ గరగర నాదం నిండుగా పలకాలంటే సౌండు బాగా పెంచాలి. వీధి వీధంతా లేచి కూర్చుంటుంది!

అందుకే మోడలర్ అనే చిన్న పెట్టె. గిటార్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. అసలు వాల్వు అలల కొసలను ఎలా అణిచేస్తుందో ఆ లెక్కనూ, స్పీకర్ పెట్టె గుణాన్నీ వాటికి జోడిస్తుంది. ఆ నాదం హెడ్‌ఫోన్‌లోనే వినొచ్చు. 1998లో వచ్చిన లైన్ 6 కంపెనీ వారి పాడ్ అనే మోడలర్ ఈ పద్ధతిని ఇళ్లకు చేర్చింది.

రికార్డింగుకే అయితే ఖరీదైన పెట్టె అనవసరం. కంప్యూటర్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ సాఫ్ట్‌వేర్ చాలు. వేదిక మీద మాత్రం కాలితో తొక్కినా చెక్కుచెదరని స్విచ్చులు కావాలి, తీగ మీటాక నాదం వినబడేందుకు పట్టే ఆలస్యం తక్కువుండాలి. 3 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకర్‌కు మీటరు దూరంలో నిలబడి విన్నట్టే. దాంతో ఇబ్బంది లేదు. అది పెరిగేకొద్దీ తాళం తప్పుతుంది.

కొనేముందు మీ గిటార్‌తోనే, పెద్ద స్పీకర్‌లో కూడా వాయించి చూడండి.