తెలుగున వివాహధన వాచకములు

'పెండ్లి' శబ్దము స్త్రీవాచకమైన 'పెణ్' అను ద్రావిడ మూలము నుండి పుట్టినది. పెంటి, పెండ్లాము దాని సోదరపదములు. 'మనువు' జీవనార్థకమైన 'మను' ధాతువునకు చెందినది. ఈ రెంటను ధనప్రసక్తి లేదు. ప్రాచీన ఫ్రెంచి భాషలో 'మరియాజ్' అను పదము వివాహమునకే కాక వధువు తెచ్చు ధనమునకును వాచకమై యుండెను. తెలుగు అట్లుగాక ధనమునకు వేఱు పదములను నిలుపుకొన్నది. ఆ ధనము ఎవరినుండి ఎవరికి పోవునో ఆ పదములే తెలుపును.

ఓలి, ఉంకువ అనునవి వరపక్షమువారు కన్యాపక్షమువారికిచ్చు ధనము. సంస్కృతమున ఇదియే శుల్కము. అరణము పుట్టినింటివారు కూతునకిచ్చునది. ఇది 'హరణ' శబ్దభవము. సుభద్రా వివాహానంతరము శ్రీకృష్ణుడు కానుకలు తెచ్చిన భారత కథాభాగమునకు గల పేరిటనే ఈ శబ్దమున్నది.

ఓలి యాచారము అగ్రవర్ణములందును ఉండెననుటకు వేలూరు సమీపమున విరించిపురమునందలి శా.శ. 1347 (క్రీ.శ. 1425-26) నాటి శాసనము ప్రమాణము. రెండవ దేవరాయల కాలమున పడైవీటి రాజ్యమందలి కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు వివాహములు కన్యాదానముగానే జరుగవలెననియు, బంగారము ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును దండ్యులనియు ఒడంబడిక చేసికొనిరి. అయినను 1897లో గురజాడ 'కన్యాశుల్కము' ప్రకటించునాటికి ఆ సమస్య తీరలేదు.

'కట్నము' చరిత్ర వేఱు. పూర్వము అది కానుకమాత్రమే. బంధువులు కట్నములు చదివించుటలో ఆ యర్థము నేటికిని మిగిలియున్నది. తరువాత వరునకిచ్చు ధనమే దానికి ముఖ్యార్థమైనది. కావున కావ్యమందలి ఉంకువను కట్నమని వ్యాఖ్యానించు విద్యార్థి దాతను గ్రహీతగా, గ్రహీతను దాతగా తాఱుమాఱు చేసినవాడగును.

ఓలి మఱుగుపడి కట్నము ప్రబలినకొలది అరణమను మాట వాడుకనుండి జాఱినది. దాని భావము మాత్రము పోలేదు. నూజివీటి మామిడి సీమలో ఆడుబిడ్డకు పొలమో తోటయో 'పసుపుకుంకుమల క్రింద' ఇచ్చితిమనుటలో అది ఆమె సొత్తను భావమే యున్నది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము 6వ సెక్షను సైతము, కట్నమును ఇతరులెవరు పుచ్చుకొన్నను అది వధువునకే చేరవలెనని విధించుచున్నది. 'కట్నము' విడిచిన యర్థమును, 'అరణము' తెలిపిన యర్థమును చట్టము మరల స్మరింపజేయుచున్నది.