చెట్టిపాళయం ట్రాక్‌లో తొలి ఇంటర్వ్యూ

కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలో రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున ఓ తారు దారి మెలికలు తిరుగుతూ ఉంటుంది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే. ఏడాదంతా ఇక్కడ రేసర్లదే సందడి. జనవరి వచ్చిందంటే మాత్రం ట్రాక్ ఇంజినీరింగ్ విద్యార్థులది. తాము గీసుకుని, కోసుకుని, వెల్డింగ్ చేసుకున్న ఒంటి సీటు కార్లను లారీలకెక్కించి, దేశం నలుమూలల నుంచి ‘ఫార్ములా భారత్’ పోటీకి వస్తారు. వాళ్లలో తెలుగు మాటలూ వినిపిస్తాయి.

ఈ పోటీ ఈ ఊళ్లో జరగడం నాకు ఎంతో సబబుగా తోస్తుంది. మిల్లులు, ఫౌండ్రీలు, పంపుసెట్లు, లేత్ మిషన్ల ఊరు ఇది. తెలుగు ఇంటి భాషగా ఉన్న నాయుళ్ల కుటుంబాలు ఇక్కడి పరిశ్రమకు పునాది వేశాయి. ఆవిష్కర్త జి.డి.నాయుడు ఈ గడ్డ మీద పుట్టినవారే. మన దేశపు తొలి విద్యుత్ మోటారును 1937లో ఇక్కడే తయారుచేశారు. ట్రాక్‌కు పేరిచ్చిన ఎస్.కరివర్ధన్‌దీ ఈ ఊరే. రేసింగ్ అంటే సంపన్నుల సరదాగా ఉన్న రోజుల్లో, మారుతి 800 ఇంజిన్ పెట్టి తక్కువ ఖర్చులో ‘ఫార్ములా మారుతి’ కారు తయారుచేశారాయన. దాన్ని నడిపిన కుర్రాళ్లలో ఒకరైన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడయ్యారు. ఆ రోజు చూడటానికి కరివర్ధన్ లేరు. 1995లోనే కన్నుమూశారు. ట్రాక్ 2003లో మొదలైంది.

విద్యార్థుల రేసు కారు పోటీలకు మూలం అమెరికాలో 1981లో పుట్టిన ఫార్ములా ఎస్‌ఏఈ. పేరులో రేసు ఉన్నా, కార్లు పక్కపక్కన పరుగెత్తవు. మొత్తం 1000 మార్కులు. అందులో డిజైన్‌కు 150, ఖర్చుల లెక్కకు 100, వ్యాపార ప్రణాళికకు 75. అంటే కారు చక్రం కదలకముందే 325 మార్కుల సంగతి తేలిపోతుంది. అందరి కళ్లూ ట్రాక్ మీదే ఉంటాయి గానీ, ఈ ఊళ్లో చూడవలసింది మాత్రం ఆ 325 మార్కుల చోటు.

డిజైన్ పరీక్షలో కారు పక్కన పిల్లలు నిలబడతారు. ఎదురుగా కంపెనీల్లో ఏళ్ల తరబడి బండ్లు తయారుచేసిన ఇంజినీర్లు. ఈ గొట్టం ఇంత మందం ఎందుకు? సస్పెన్షన్ చేతులు ఈ కోణంలోనే ఎందుకు పెట్టారు? కంప్యూటర్‌లో వేసిన లెక్కను ట్రాక్ మీద కొలిచి సరిచూశారా? ‘సీనియర్లు అలాగే చేశారు’ అన్న జవాబుకు మార్కులు రావు. లెక్క తప్పిందని ఒప్పుకుని, ఎక్కడ తప్పిందో చూపించగలిగితే వస్తాయి. మన కాలేజీల్లో నాలుగేళ్లలో ఒక్కసారైనా ‘ఎందుకు’ అని అడిగించుకోకుండా పట్టా పుచ్చుకునేవాళ్లు ఎందరో! ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో రిపోర్టుతో సహా కొనుక్కునే వీలుంది మనకు. చెట్టిపాళయానికి అలా కొన్న సమాధానం పట్టుకొస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ట్రాక్ ఎక్కాలంటే ముందు తనిఖీ దాటాలి. కారును పక్కకు 60 డిగ్రీలు వంచుతారు. చక్రం లేవకూడదు, చుక్క నూనె కారకూడదు. బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ ఒక్కసారే బిగుసుకోవాలి. డ్రైవరు అయిదు సెకన్లలో బయటపడాలి. ఎలక్ట్రిక్ కారైతే వాన పరీక్ష అదనం: రెండు నిమిషాలు నీళ్లు చల్లి, మరో రెండు నిమిషాలు ఆగి, కరెంటు ఎక్కడైనా లీకవుతోందేమో చూస్తారు. ఏడాదంతా శ్రమపడి తయారుచేసిన కారు ఈ తనిఖీలోనే ఆగిపోవడం ఇక్కడ మామూలే. రాత్రంతా కూర్చుని వైరింగ్ విప్పి మళ్లీ కట్టేవాళ్లుంటారు. పక్క టీమును అడిగి బోల్టు తెచ్చుకునేవాళ్లుంటారు. అడిగితే లేదనేవాళ్లు అరుదు.

చివరిది ఎండ్యూరెన్స్, దాదాపు 22 కిలోమీటర్లు. సగంలో డ్రైవరు మారాలి. వేడెక్కిన ఇంజిన్‌ను ఆపి మళ్లీ స్టార్ట్ చేయాల్సింది అక్కడే. చాలా కార్ల కథ ముగిసేదీ అక్కడే.

ఇవన్నీ ఉద్యోగానికి ఎలా పనికొస్తాయి? హైదరాబాద్‌లో జెడ్‌ఎఫ్, హ్యుందాయ్‌లకు ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. పెనుకొండలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అలాంటి చోట కొత్తగా చేరినవాడికి ఇచ్చే పని ఒంటరిగా చేసేది కాదు. బ్యాటరీవాళ్లు అడిగిన చోటును చాసీవాళ్లు ఇవ్వరు, ఇద్దరికీ కావలసిన డబ్బు ఉండదు, గడువు తేదీ మాత్రం వెనక్కి జరగదు. రేసు కారు టీములో సెకండియర్ పిల్ల ఈ తగవులన్నీ పడే ఉంటుంది. స్పాన్సర్ల గుమ్మాలెక్కి కాదనిపించుకుని ఉంటుంది, ప్రతి బోల్టుకూ ధర కట్టి ఉంటుంది. ఇంటర్వ్యూలో ‘మీరేం చేశారు’ అంటే ఆమె చెప్పడానికి విరిగిన ఓ భాగం, దాన్ని మార్చిన కారణం ఉంటాయి. మెకానికల్ వాళ్లకే కాదు, ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లకూ ఇక్కడ చేతినిండా పనే. స్విట్జర్లాండ్‌లో జూరిక్ విద్యార్థుల టీము 2023లో తమ విద్యుత్ కారును 0.956 సెకన్లలో సున్నా నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లింది. మోటార్లు, కారు శరీరం సహా చాలా భాగాలు ఆ విద్యార్థులు స్వయంగా రూపొందించుకున్నవే.

మనకు అడ్డంకి తెలివి కాదు. ఇలాంటి కారుకు లక్షలు కావాలి. పెద్ద పేరున్న సంస్థలకు స్పాన్సర్లు దొరికినంత సులువుగా జిల్లా కాలేజీకి దొరకరు. అమ్మాయిలకైతే రాత్రి వర్క్‌షాప్‌లో ఉండేందుకు హాస్టల్ గేటే పెద్ద పరీక్ష. పోటీ వారం హాజరు పోతుందని భయపెట్టే కాలేజీలూ ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ కార్లు పరుగెత్తినప్పుడు ఎంత ముచ్చటపడ్డామో! ఆ ముచ్చటలో కొంత మన కాలేజీ వర్క్‌షాప్ మీదా చూపించాలి. ఆ పిల్లలు అడిగేది పెద్దదేమీ కాదు: సాయంత్రం అయిదు తర్వాత వర్క్‌షాప్ తాళంచెవి, వెల్డింగ్ తెలిసిన ఓ మేస్త్రి, జనవరిలో వారం రోజుల హాజరు.