ధ్రువ సముద్రమున మంచు, పులికాటున ఉప్పు

అంటార్కిటిక్ తీరమున సముద్రపు అడుగునీరు ఏడాది పొడుగునా సుమారు సున్న డిగ్రీల దరిదాపుల నుండును. అచటి ప్రాణులకు గండము చలి కాదు. మంచుకొండలు తేలివచ్చి నేలను గీకివేయుటయే. పూర్వపు నెల్లూరు జిల్లా దక్షిణపు కొసన, 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరిన పులికాట్ సరస్సున గండము వేరు. అది ఉప్పు.

సముద్రమున వెయ్యి పాళ్ళ నీటికి 35 పాళ్ళ ఉప్పు కలదు. ఈశాన్య ఋతుపవనమున కాళంగి, ఆరణి నదులు పొంగగా సరస్సు నీరు చప్పబడును. వేసవిలో రాయదొరువు ముఖద్వారము ఇసుక మేటవేసి పూడినచో, నీరు ఇగిరి సముద్రముకంటె ఉప్పగును. ద్వారము తెరచియున్న చేప ఈది పోగలదు. ఆలిచిప్ప ఎక్కడికి పోవును? చిప్ప బిగించుకొని కొన్నాళ్ళు ఓర్చుకొనును, అంతే. పురుగులు బురదలోనికి దిగును. పీతలకు, చేపలకు మేత ఇవియే గదా! అవి నశించిన జాలరి వల ఖాళీ. ముఖద్వారమున ఇసుక తీయింపుడని జాలరులు ఏండ్లుగా అడుగుచున్నది ఇందుకే.