టవర్ ఒక్కటే, తరాలు అనేకం

ఊరి చివర సెల్ టవర్ కింద నిలబడి తలెత్తి చూస్తే పైన మూడు వైపులా నిలువుగా బిగించిన తెల్లటి పలకలు కనిపిస్తాయి. అవే యాంటెన్నాలు. ఒక్కో వైపువి దాదాపు 120 డిగ్రీల మేర చూసుకుంటాయి కాబట్టి, మూడు వైపులవీ కలిస్తే చుట్టూతా సిగ్నల్ అందుతుంది. పలకల వెనక ఉన్న లోహపు పెట్టెలు రేడియోలు. గుండ్రటి డిష్‌కు మన ఫోన్లతో పని లేదు, అది మరో టవర్‌తో మాట్లాడుతుంది. కింద క్యాబినెట్‌లో సిగ్నల్‌ను విడమరిచే బేస్‌బ్యాండ్ యూనిట్, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీలు ఉంటాయి.

4జి టవర్, 5జి టవర్ అని అంటుంటాం గానీ ఆ ఇనుప స్తంభానికి తరమంటూ ఏదీ లేదు. ఒకే స్తంభం మీద రెండు మూడు కంపెనీల సామగ్రి ఉండొచ్చు, ఒకే కంపెనీవే రెండు మూడు తరాలూ ఉండొచ్చు. తరాన్ని తేల్చేది రేడియో, అది వాడే స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల పరిధి), ఆ స్పెక్ట్రమ్‌ను మనందరికీ పంచే పద్ధతి.

మన దేశంలో మొబైల్ సేవలు 1995 జూలై 31న మొదలయ్యాయి. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ 2జిలో ఒక్కో చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్. దాన్ని ఎనిమిది కాలభాగాలుగా కోసి, ఎనిమిది మందికి వంతులవారీగా ఇస్తారు. మాటకు అది చాలు, వీడియోకు చాలదు. 3జి వచ్చేసరికి చానెల్ 5 మెగాహెర్ట్జ్ అయింది. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి సిగ్నల్ ఏదో కోడ్‌ను బట్టి విడదీస్తారు. 4జి చానెల్ 20 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. దాన్ని సన్నని పాయలుగా చీల్చి, ఎవరికి ఎన్ని పాయలు కావాలో సెకనులో వెయ్యో వంతు వ్యవధిలో తేలుస్తారు. 5జికి 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 100 మెగాహెర్ట్జ్ దాకా వాడుకునే వీలుంది.

అంత విశాలమైన జాగా దొరికేది పై ఫ్రీక్వెన్సీల్లోనే. చిక్కూ అక్కడే ఉంది. 900 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలు దాటి ఇంట్లోకీ వస్తుంది. ఆ 5జి బ్యాండ్‌లోకి వచ్చే 3500 మెగాహెర్ట్జ్ తరంగం తొందరగా బలహీనపడుతుంది. ఇంజినీర్లు ఈ లోపంలోంచే ఉపాయం తీశారు. 900 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు, 3500 వద్ద అది తొమ్మిది సెంటీమీటర్ల లోపే. యాంటెన్నా లోపలి ఒక్కో అంశం పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉంటే సరిపోతుంది. అంటే మొదటిదానికి జానెడు జాగా కావాలి, రెండోదానికి రెండు వేళ్ల వెడల్పు చాలు. అందుకే పాత యాంటెన్నా పొడవుగా సన్నగా ఉంటే, 5జిది పొట్టిగా, మందంగా ఉండి, రేడియోను కూడా తనలోనే ఇముడ్చుకుంటుంది. ఆ ఒక్క పలకలో పదుల కొద్దీ అంశాలు కలిసికట్టుగా పనిచేసి, సిగ్నల్‌ను ఊరంతా వెదజల్లకుండా ఫోన్ ఉన్న దిక్కుకే మళ్లిస్తాయి. దీన్నే మాసివ్ మిమో అంటారు.

2022 అక్టోబరు 1న మన దేశంలో 5జి ప్రారంభమైనప్పుడు ఎయిర్‌టెల్ దాన్ని తన 4జి వ్యవస్థకు ఆనించి నడిపింది, జియో విడి వ్యవస్థగా కట్టింది. 4జికి ఆనుకున్న 5జిలో కాల్ 4జి మీదే నడుస్తుంది. ఫోన్ చేయగానే తెర మీద 5జి గుర్తు మారితే కంగారు పడనక్కర్లేదు.

టవర్ మీద ఎంత గొప్ప రేడియో ఉన్నా, అక్కడి నుంచి బయటికి దారి ఇరుకైతే వేగం రాదు. 2జికి డిష్ సరిపోయింది. 5జికి మాత్రం ఫైబర్ ఉంటేనే అసలు సత్తా తెలుస్తుంది. తెరపై గీతలన్నీ నిండుగా ఉన్నా వీడియో తిరుగుతూనే ఉందంటే, ఒక కారణం ఇదే కావచ్చు.

కొత్త తరం వచ్చిందని పాతది వెంటనే పోదు. ఎయిర్‌టెల్ 3జిని మూసేసి ఆ స్పెక్ట్రమ్‌ను 4జికి మళ్లించింది గానీ 2జిని ఉంచింది. 2016లో నేరుగా 4జితో వచ్చిన జియోకు అసలు 2జియే లేదు. జపాన్ 2012లోనే 2జికి స్వస్తి చెప్పింది. స్పెక్ట్రమ్ పరిమితం కాబట్టి ఇక్కడా ఏదో ఒకనాడు ఆ రోజు వస్తుంది.

కానీ మన పల్లెల్లో 2జి అంటే కీప్యాడ్ ఫోన్ ఒక్కటే కాదు. అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వస్తే, పాములూ పురుగులూ తిరిగే చేలోకి పోకుండా ఇంటి నుంచే బోరు మోటారు వేసుకునే మొబైల్ స్టార్టర్లు ఉన్నాయి. వాటిలో చాలావరకు 2జి సిమ్ మీదే పనిచేస్తాయి. ఆ రైతుకు దారి చూపించాకే 2జి రేడియోను టవర్ మీద నుంచి దించాలి. ఈలోగా కొత్తగా స్టార్టర్ కొనేవారు అది 4జి మీద పనిచేస్తుందో లేదో, తమ పొలం దగ్గర ఏ కంపెనీ 4జి సిగ్నల్ నిలకడగా ఉందో చూసుకుని మరీ కొనాలి.