లంబాడీలోకి బైబిలు అనువాదం: లిపి సమస్య

షాద్‌నగర్ పరిసర తండాలలో వినిపించే లంబాడీ ఇండో-ఆర్య భాష. దానికి సంప్రదాయ లిపి లేదు. 2011 జనగణనలో నమోదైన 32 లక్షలకు పైగా భాషీయుల సంఖ్య హిందీ శీర్షిక కిందనే చేరింది.

ఈ భాషలోకి బైబిలును అనువదించేవారికి పదాల కంటే ముందు లిపి ఎంపిక ఎదురవుతుంది. లంబాడీలు తెలంగాణలో తెలుగు, కర్ణాటకలో కన్నడ, మహారాష్ట్రలో దేవనాగరి లిపులు చదువుతారు. కొత్త నిబంధన తెలుగు లిపిలో వెలువడినందున తెలుగు బడిలో చదివినవారు వేరొక లిపి నేర్వనక్కరలేదు. మహాప్రాణాక్షరాలకు ఇబ్బంది లేదు. ఘర్ (ఇల్లు), హాత్ (చేయి) వంటి హలంత పదాలకు మాత్రం పొల్లు తప్పనిసరి.

అయితే ఆ ప్రతిని మహారాష్ట్రలోని బంధువులు వింటే చాలావరకు గ్రహించగలరు, చదవలేరు. లిపి నిర్ణయమే పాఠక సమాజపు ఎల్లలను గీస్తుంది. కనుక మౌఖిక సంప్రదాయం బలంగా ఉన్న ఈ సమాజానికి ముద్రిత ప్రతితో సమానంగా శ్రవ్య ప్రతి కూడా అవసరం.