దస్తరము ఎచ్చట నున్నది?
కంప్యూటర్లలో ఆచూకీ తెలిసికొను విధానము

గ్రామస్థుడొకడు తన కుమార్తె జనన ధ్రువపత్రము కొరకు కచేరీకి వచ్చెననుకొందము. ఆమె పుట్టిన నాడు నమోదు సక్రమముగనే జరిగినది. రిజిస్టరుకు చెదలు పట్టలేదు, కాగితము చిరుగలేదు. కాని నడుమ కచేరీ మారినది. దస్తరములు ఒక బీరువా నుండి మరియొక బీరువాకు, ఒక ఊరి నుండి మరియొక ఊరికి చేరినవి. ఏది ఎచ్చటికి చేరినదో వ్రాసి యుంచినవారు లేరు. ఆ తండ్రి మూడు కచేరీలు తిరిగి వట్టి చేతులతో ఇల్లు చేరును. పోయిన కాగితము వేరు, దొరకని కాగితము వేరు. అడుగవచ్చిన వానికి మాత్రము రెండును ఒక్కటే.

2016లో తెలంగాణలోను, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోను జిల్లాలు పునర్వ్యవస్థీకరింపబడినవి. కచేరీలు మారినప్పుడు కలుగు చిక్కులు పంచాయతీ సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. నేడు కాగితములే గాక కంప్యూటరు నమోదులును మన బాధ్యతలో చేరినవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఇ-గ్రామ్ స్వరాజ్‌లో పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు నమోదగుచున్నవి. ఆ వివరములు మన బల్లపై నున్న యంత్రములో నిలువయుండవు. దూరమున నున్న యంత్రములలో నుండును. అట్టి దూరపు యంత్రములు అనేకము లున్నప్పుడు, కావలసినది ఏ యంత్రములో నున్నదో తెలియుట యెట్లు? ఇందుకు పద్ధతులు పెక్కు కలవు. వానిలో చిరకాలముగ వాడుకలో నున్న ఒకదానిని ఇచ్చట వివరించుచున్నాము.

పిట్స్‌బర్గు ప్రయత్నము

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము కలదు. 1982లో ఆ విశ్వవిద్యాలయము ఐబీఎం సంస్థతో కలిసి ఒక కార్యక్రమమును చేపట్టినది. విశ్వవిద్యాలయమునకు మూలపురుషులైన ఆండ్రూ కార్నెగీ, ఆండ్రూ మెలన్‌ల పేరిట దానికి ‘ఆండ్రూ’ అని నామకరణము చేసిరి. అందు రూపొందినదే ఆండ్రూ ఫైల్ సిస్టమ్. మద్రాసు ఐఐటీలో చదివిన సత్యనారాయణన్ గారు దాని నిర్మాతలలో ముఖ్యులు. విద్యార్థి ఏ యంత్రము ముందు కూర్చున్నను తన ఫైళ్లు అదే పేరుతో కనబడవలెననియు, ఈ ఏర్పాటు 5,000కు పైగా యంత్రములకు చాలవలెననియు వారి సంకల్పము.

మొదటి ప్రయోగమున సుమారు 400 మంది, 100 యంత్రములపై పనిచేసిరి. ఫైళ్లను దాచు యంత్రములు, అనగా సర్వర్లు, 6 ఉండెను. ఏ ఫైళ్లు ఏ సర్వరులో నున్నవో తెలుపు గుర్తులను ఆ ఫైళ్ల వరుసల నడుమనే వ్రాసి యుంచిరి. అందుచే ఒకరి ఫైళ్లను మరియొక సర్వరుకు తరలించుట కష్టమయ్యెను. ఒక సర్వరుపై భారము పెరిగినను దానిని వేరొకదానికి పంచుట సులభము కాలేదు. ఈ అనుభవమే క్రొత్త ఏర్పాటుకు దారితీసినది.

పేరు వేరు, చోటు వేరు

క్రొత్త ఏర్పాటులో, ఒకరికి సంబంధించిన ఫైళ్లనన్నిటిని ఒక మూటగా కట్టిరి. దానిని ‘వాల్యూమ్’ అందురు. మన కచేరీ పలుకుబడిలో ‘దస్తరము’ అనవచ్చును. ప్రతి దస్తరమునకు ఒక పేరు, ఒక సంఖ్య ఉండును. ఫైలుకు పోవు దారిలో దస్తరము పేరు మాత్రమే వ్రాయబడియుండును. సర్వరు పేరు ఎచ్చటను వ్రాయరు. ఏ దస్తరము ఏ సర్వరులో నున్నదో తెలుపుటకు వేరొక రిజిస్టరు కలదు. దానినే ‘వాల్యూమ్ లొకేషన్ డేటాబేస్’ అందురు. మనము దానిని ఆచూకీ రిజిస్టరు అందము.

ఒకడు ఫైలు కోరినప్పుడు జరుగు పని యిది. మొదట అతని యంత్రము ఫైలు దారిని అనుసరించి పోయి దస్తరము పేరును చదువును. పిమ్మట ఆచూకీ రిజిస్టరు నుంచిన యంత్రమును అడుగును. దస్తరము సంఖ్యయు, అది యున్న సర్వరును జవాబుగా వచ్చును. చదువుటకు మాత్రమే ఉద్దేశించిన నకళ్లు వేరు సర్వర్లలో నున్నచో వాని ఆచూకీయు వచ్చును. అప్పుడా యంత్రము సరియైన సర్వరు నుండి ఫైలును తెచ్చుకొనును. మాటిమాటికి అడుగనక్కర లేకుండ ఆ ఆచూకీని కొంతకాలము జ్ఞాపకముంచుకొనును.

ఇంతలో దస్తరమును వేరొక సర్వరుకు తరలించిరనుకొందము. యంత్రము పాత చోటికే పోవును. ఆ సర్వరు ‘ఇచ్చట లేదు’ అని చెప్పును. యంత్రము వెంటనే ఆచూకీ రిజిస్టరును మరల అడిగి క్రొత్త చోటికి పోవును. కోరినవాడు తిరుగనక్కర లేదు. సాధారణముగ తరలింపు జరిగిన సంగతియే అతనికి తెలియదు.

రిజిస్టరును కాపాడు తీరు

ఇంతటి భారము మోయు రిజిస్టరు ఒక్క ప్రతిగా నున్నచో ప్రమాదము. అందుచే సాధారణముగ దానిని 3 యంత్రములలో ఉంచుదురు. ఆచూకీని ఏ ప్రతి నుండియైనను తెలిసికొనవచ్చును. మార్పును మాత్రము వానిలో ఎన్నుకొనబడిన ఒక్క యంత్రమే చేయవలెను. అదియు సగము కన్న ఎక్కువ యంత్రములు అందుబాటులో నున్నప్పుడే. పంచాయతీ సభ్యులకు ఇది క్రొత్త గాదు. కోరము లేనిదే తీర్మానము లేదు. మూడింటిలో ఒకటి చెడినను పని సాగును. రెండు చెడినచో వెదకుట సాగును, మార్చుట ఆగును.

తరలింపునకును క్రమము కలదు. మొదట ఆ దస్తరము పద్దుకు తాళము వేయుదురు. మరియొకరు అదే సమయమున దానిని దిద్దరాదు. క్రొత్త చోట ప్రతి సిద్ధము చేసి, రిజిస్టరును దిద్ది, ఆ పిమ్మటనే పాత ప్రతిని తొలగింతురు. నడుమ ఆటంకము కలిగి రిజిస్టరునకును బీరువాకును పొత్తు కుదరనిచో, సర్వర్లలో నిజముగ నున్న దస్తరములను లెక్కించి రిజిస్టరును సరిదిద్దు ఆజ్ఞ యొకటి కలదు. 2000 సంవత్సరమున ఐబీఎం ఈ వ్యవస్థ మూలపాఠమును అందరికి విడుదల చేసినది. ‘ఓపెన్ ఏఎఫ్‌ఎస్’ అను పేర అది నేటికిని వాడుకలో నున్నది.

మనము గ్రహింపవలసినది

ఈ క్రమమును పాటించుటకు కంప్యూటరే ఉండనక్కర లేదు. పంచాయతీ కచేరీలో ప్రతి దస్తరమునకు మారని పేరు, సంఖ్య ఇచ్చి, అది యున్న బీరువాను, అరను ఒక ఆచూకీ పుస్తకమున వ్రాయవచ్చును. దస్తరము కదలిన నాడే ఆ పుస్తకమును దిద్దవలెను. దానికి నకలొకటి వేరుచోట నుంచవలెను. ఏడాదికొకసారి పుస్తకమును బీరువాతో సరిచూడవలెను. సభ్యులు రాబోవు సమావేశమున కార్యదర్శిని ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: “మన దస్తరములు ఎచ్చట నున్నవో తెలుపు పుస్తకము ఉన్నదా?” ఉన్నదను జవాబు వచ్చిన గ్రామమున, కుమార్తె ధ్రువపత్రము కొరకు వచ్చిన తండ్రి మూడు కచేరీలు తిరుగనక్కర లేదు.